శనివారం రోహిణి వస్తుందట

జమ్మలమడుగు,
ధనుర్మాసం, బుధవారం.

ఖమ్రూ,

నువ్వు బాగున్నావనుకుని మొదలుపెడుతున్నాను. బాగా లేకపోతే ఈ ముక్క వదిలేసి కిందికి రా. పోయిన ఉత్తరం నీకు అందలేదేమో, పోస్టుమాన్ దారిలో జారవిడిచాడేమో, దొరికినవాళ్లు చదివి మనిద్దరికీ మతి లేదనుకున్నారేమో అని వారమంతా దిగులుపడ్డాను. మతి లేదన్నది నిజమే కాబట్టి దాని గురించి మాత్రం దిగులు మానేశాను.

ఫోన్ చేద్దామంటే నీ చెవులు పనిచేయవు. పోయిన నెల ‘రోహిణికి నెల తప్పిందే’ అని నేను ఫోన్లో అరిచింది నీకు తప్ప మా వీధి మొత్తానికి వినబడింది. పక్కింటి వెంకటమ్మ వచ్చి, గొంతు తగ్గించి, ఎవరికని అడిగింది. టీవీలో అమ్మాయికని చెబితే నమ్మలేదు. అందుకని మనకు ఉత్తరమే మేలు. ప్రొద్దుటూరు మునిసిపల్ బడిలో ఐదో తరగతి దాకా మనిద్దరం పక్కపక్కన కూర్చుని దిద్దిన అక్షరాలు ఇన్నేళ్లకు ‘మెట్టింటి రోహిణి’ సీరియల్ కోసం పనికొస్తున్నాయి. మన పంతులు బతికుంటే ఏడ్చేవాడు.

ముందు ఆ సంగతి. నీకు బొమ్మ కనిపిస్తుంది, మాట వినబడదు కదా. నిన్న రోహిణి మిద్దె మీద నిలబడి ఏడుస్తూ అన్నది ఏమంటే, దీపావళి పూట కూడా ఆయన రాలేదు, ఆ చందమామకున్న దయ కూడా ఆయనకు లేదు, అని. మనకు దీపావళి పోయి ఎన్నాళ్లో అయింది, వాళ్లకు ఇప్పుడొచ్చింది. నేనూ ఏడ్చాను. కొంగు తడిసిపోయింది.

ఇక నా దిగులు. మా అబ్బాయి వరదరాజులు కూతురు ప్రజ్ఞ ఇక్కడ ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరుగా చేరింది. శనివారం సాయంత్రాలు బడి మిద్దె మీద పిల్లలకు చుక్కలు చూపించే క్లాసు పెట్టింది. బడివాళ్లను బతిమాలి ఒక టెలిస్కోపు కూడా తెప్పించింది. వచ్చేది ముగ్గురే. మిగతా పిల్లలు ఆ వేళకు తల్లుల పక్కన కూర్చుని ‘మెట్టింటి రోహిణి’ చూస్తారు. బడి నడిపే కరస్పాండెంటు పవన్ కుమార్ దీనికి గడువు పెట్టాడు. నెల లోపల మిద్దె నిండకపోతే క్లాసు ఎత్తేసి, అక్కడ రేకులు వేసి ట్యూషన్లు నడుపుకుంటాడట. పిల్ల సరిగ్గా అన్నం తినడం లేదు. దానికి ఆ క్లాసంటే ప్రాణం. నాకేమో ఆ క్లాసు ఉన్నా దిగులే, పోయినా దిగులే. ఉంటే ఆ మిద్దెకు పిట్టగోడ మోకాలెత్తే. పోతే ఆ పిల్ల ముఖం నేను చూడలేను.

నిన్న నేను ఏడుస్తున్నప్పుడు ప్రజ్ఞ వచ్చి పక్కన నిలబడింది. ఓదారుస్తుందనుకున్నాను.

“జేజీ, దీపావళి ఏ తిథి?” అంది.

“అమాస.”

“మరి ఆయమ్మ ఎనకాల నిండు చందమామ యాడినుంచి వచ్చినాడు?”

పుట్టినప్పటి నుంచీ అమావాస్య చీకట్లో దీపాలు పెట్టినదాన్ని, నాకు తట్టలేదు చూడు. లేని చందమామను పట్టుకుని అంతసేపు ఏడ్చాను. నీకు తట్టిందా? తట్టి ఉంటే నాకు రాయొద్దు.

నీ దిగులుగొట్టు
కమల


పులివెందుల,
ఆదివారం.

కమలా,

నాకు తట్టింది. రాయొద్దన్నావు కాబట్టి మొదటి వరసలోనే రాస్తున్నాను. మాట వినబడని మనిషికి చూడడం తప్ప ఇంకేం పని? రంజాన్ నెలవంక కోసం చిన్నప్పటి నుంచీ మెడలు పట్టేసేలా వెతికినదాన్ని. టీవీవాళ్లు ఎప్పుడో ఒక చందమామను కొనిపెట్టుకున్నారు, అది చెడిపోయే దాకా వాడుకుంటారు అనుకున్నాను.

నీ దిగులు సంగతి. బడి మిద్దె పిట్టగోడ మోకాలెత్తని నీకెవరు చెప్పారు? నువ్వు మెట్లెక్కి ఎన్నేళ్లయింది? చూడని గోడకు కూడా భయపడేది నువ్వొక్కదానివే.

ఇంకో మాట. నీ పెళ్లిలో మిట్టమధ్యాహ్నం అయ్యవారు మిమ్మల్ని బయటికి తీసుకొచ్చి, ఆకాశంలో వేలు పెట్టి, అరుంధతి నక్షత్రం కనిపించిందా అమ్మా అన్నాడు. నువ్వు తల వంచుకుని కనిపించిందన్నావు. నేను నీ వెనకాలే ఉన్నాను. ఎంత చూసినా నాకు గద్ద ఒకటే కనిపించింది. తుర్కపిల్లకు అరుంధతి కనబడదేమోలే అనుకుని ఊరుకున్నాను. ఇది మీ ప్రజ్ఞకు చెప్పు. నిన్ను చూసి నాలుగు రోజులు నవ్వుకుంటుంది, అన్నం తింటుంది.

మా షాకీర్ కువైట్ నుంచి ఫోన్ చేస్తున్నాడు. నేను తెరలో వాడి ముఖం చూస్తాను, మాట్లాడేది కోడలు రిహానా. మంచిదే, వాడికి నేను తిట్టేవి తప్పిపోయాయి.

సీరియల్లో అత్త చేతులు తిప్పుకుంటూ ఏమంటోంది? అది రాయకుండా పిట్టగోడల గురించి రాస్తే చింపేస్తాను.

ఖమ్రున్నీసా


జమ్మలమడుగు,
సోమవారం.

ఖమ్రూ,

అత్త అన్నది ‘ఈ ఇంట్లో తాళాలు నా నడుముకే ఉంటాయి’ అని. ఎన్నిసార్లు చేతులు తిప్పినా అదే మాట. నువ్వు పోగొట్టుకున్నదేమీ లేదు.

నీ గద్ద మాట ప్రజ్ఞకు చదివి వినిపించాను. అది నేల మీద కూర్చుని నవ్వింది. తర్వాత లేచి, జేజీ, దొరికింది, అని నా బుగ్గ పట్టుకుంది. ఏం దొరికిందో నాకు తెలియలేదు. శనివారానికి తెలిసింది. పిల్లలకు అది హోంవర్కు ఇచ్చింది. ఏం హోంవర్కు అనుకున్నావు, సీరియల్ చూడడం. తల్లి పక్కన కూర్చుని చూడాలి, అందులో ఆకాశం ఎక్కడ తప్పు చూపిస్తే అది పట్టుకుని వచ్చి మిద్దె మీద చెప్పాలి. సీరియల్ చూడడానికి బడివాళ్లే చెప్పారని తల్లులకూ సంతోషం. పైగా శనివారం సీరియల్ రాదు కదా, ఆ సంగతి ఇన్నాళ్లూ నాకూ తట్టలేదు. శనివారం ఆ వేళకు వేసేది పాత భాగాలే. చూసినవే మళ్లీ చూస్తూ కూర్చున్నాం మనమంతా.

పిల్లలు మిద్దె నిండా వచ్చారు. కరస్పాండెంటు పవన్ కుమార్ కూడా ఎక్కి చూశాడు. అయితే పిల్లలొస్తే చాలదట. ఫీజు కట్టేది పెద్దవాళ్లు కాబట్టి, వచ్చే శనివారం తల్లులు కూడా వస్తే క్లాసు ఉంచుతాడట, లేకపోతే రేకులేనట. మళ్లీ పిల్ల అన్నం మానేసింది, నేను నిద్ర మానేశాను.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ముక్క చదివేటప్పుడు తలుపు వేసుకో. నిన్న సాయంత్రం ప్రజ్ఞ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. నేను తోటకూర తుంచుతున్నాను. “శనివారం రోహిణిని చూపిస్తా. అందరికీ తెలిసిన పేరు. ఆయమ్మను చూపిస్తామంటే ఎవురు ఇంట్లో ఉంటారు?” అంది. ఖమ్రూ, నా చేతిలో కాడలు పొయ్యి పక్కకు, ఆకులు చెత్తలోకి పోయాయి. రోహిణి. మన రోహిణి. మా జమ్మలమడుగుకు. పోయిన ఏడాది ప్రొద్దుటూరులో బంగారు అంగడి తెరవడానికి ఒక టీవీ అమ్మాయి రాలేదా, ఇంతమందికి తెలిసిన టీచరు పిలిస్తే ఈమె మాత్రం ఎందుకు రాదు?

ప్రజ్ఞను అడగలేదు. నాకు తెలియకుండా దాచి ఆశ్చర్యపరచాలనుకుందేమో, చెడగొట్టడం ఎందుకు. వెంకటమ్మకు ఒక్కదానికే చెప్పాను. వెంకటమ్మకు చెప్పడమంటే మైకు పెట్టడమని నాకు తెలుసు, అందుకే చెవిలో చెప్పాను.

నువ్వు ఎవరికీ చెప్పొద్దు. జనం ఎక్కువైతే ఆ మెట్ల మీద ఎవరో ఒకరు జారతారు.

కమల


పులివెందుల,
గురువారం.

కమలా,

ఎవరికీ చెప్పలేదు. రిహానాకు మాత్రం చెప్పాను. రిహానా తన దగ్గర కుట్టు నేర్చుకునేవాళ్లకు మాత్రం చెప్పింది. వాళ్లంతా కలిసి వేను మాట్లాడుకున్నారు. శనివారం మధ్యాహ్నం బయలుదేరి ముద్దనూరు మీదుగా వస్తున్నాం. నాకు డ్రైవరు పక్క సీటు ఇచ్చారు, మోకాలు చాపుకోవచ్చని.

నేను రోహిణిని ఒకే మాట అడుగుతాను. అత్త అన్నేసి మాటలంటుంటే తల్లీ, నువ్వు ఒక్కసారైనా నోరు తెరవవేమి, అని. ఆమె చెప్పేది నాకు వినబడదు కాబట్టి, పెదవులు మెల్లగా కదిలిస్తూ చెప్పమని ప్రజ్ఞ చేత ముందే చెప్పించు.

అంతా బాగుంది కానీ ఒక సందేహం. నువ్వు విన్నదేమిటి, నువ్వు అనుకున్నదేమిటి, రెండూ విడివిడిగా రాయి. ‘ఆయమ్మను చూపిస్తా’ అందని రాశావు. ‘ఆయమ్మ వస్తాంది’ అని ప్రజ్ఞ తన నోటితో అందా? మనిషి వచ్చేటప్పుడు వస్తుందంటారు. చూపిస్తామనేది సినిమానో, ఎగ్జిబిషన్‌లో పులినో.

ఏదైనా సరే, చీర ఇస్త్రీ అయిపోయింది.

ఖమ్రున్నీసా


జమ్మలమడుగు,
గురువారం, సాయంత్రం.

ఖమ్రూ,

నువ్వు రావద్దు. వస్తావని నువ్వు రాయలేదు, కానీ వస్తావేమో అని ముందే రాస్తున్నాను. ముద్దనూరు దగ్గర రోడ్డు బాగా లేదట. ఎర్రగుంట్ల నుంచి సిమెంటు లారీలు వస్తుంటాయి. మబ్బు పట్టేలా ఉంది. నీ మోకాలు చూసుకో. మా ఇంట్లో కుళాయి కూడా సరిగ్గా రావడం లేదు.

ఇక్కడ అంతా బాగుంది. బాగుందంటే బాగుందనే.

సీరియల్ మాటలు రాయడానికి ఈ వారం తీరలేదు.

కమల


పులివెందుల,
సోమవారం.

కమలా,

రావద్దని నువ్వు రాసిన ఉత్తరం ఈ పొద్దు చేరింది. మేము శనివారమే వచ్చి, చూసి, పోయాం. మబ్బూ లేదు, రోడ్డూ బాగుంది.

నాకు ఒక్క మాట వినబడలేదు. చూసింది రాస్తాను, తప్పుంటే దిద్దు.

మెట్ల నిండా పట్టుచీరలు. మల్లెలు దొరకని రోజుల్లో అన్ని మల్లెలు ఎక్కడి నుంచి తెచ్చారో. వెంకటమ్మ చేతిలో పసుపు కుంకుమ పళ్లెం, పైన రవికె గుడ్డ. అందరి చేతుల్లో ఫోన్లు ఎత్తిపెట్టి ఉన్నాయి. ప్రజ్ఞ ఆ జనాన్ని చూసింది. ఆ పిల్ల ముఖం నేను మరిచిపోలేను. చుక్కల కోసం ఊరు ఊరంతా కదిలి వచ్చిందనుకుంది పాపం. కళ్లు తుడుచుకుంది. తర్వాత మాట్లాడింది, చెయ్యి పైకి చూపించింది. అందరూ పైకి చూశారు, మెట్ల వైపు చూశారు, మళ్లీ పైకి చూశారు. కొందరు ఎదురుగా ఉన్న సెల్ టవర్‌కు దండం పెట్టారు. ఎందుకో అర్థం కాలేదు. తర్వాత నోళ్లు తెరుచుకున్నాయి. వెంకటమ్మ పళ్లెం కింద పెట్టింది. తెల్ల చొక్కా మనిషి, కరస్పాండెంటు అనుకుంటాను, ప్రజ్ఞ ముఖం ముందు వేలు ఆడించాడు. ప్రజ్ఞ ఒక్క మాట అని, టెలిస్కోపుకు గుడ్డ కప్పింది.

ఇదంతా అయ్యేటప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు. అందరూ మెట్ల వైపు చూస్తున్నప్పుడు నువ్వొక్కదానివే అటు చూడలేదు. ఆకాశం కూడా చూడలేదు. నీ కాళ్ల వేళ్లు చూసుకుంటున్నావు. ఎవరూ రారని నీకు ముందే తెలుసు.

ఎప్పుడు తెలిసింది? ఎవరేమన్నారు? పిట్టగోడలు పెట్టకుండా రాయి.

ఖమ్రున్నీసా


జమ్మలమడుగు,
శుక్రవారం.

ఖమ్రూ,

గురువారం తెలిసింది. నీకు ‘బాగుందంటే బాగుందనే’ అని రాసిన రోజే.

ప్రజ్ఞ అట్ట మీద చుక్కలు గీస్తోంది. ఒక చుక్కకు ఎర్ర రంగు వేసి కింద రోహిణి అని రాసింది. ఇదేందే అంటే, అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి జేజీ, నీకు నోటికి వచ్చేదే కదా అంది. నిజమే, నిద్రలో లేపి అడిగినా ఇరవై ఏడూ చెబుతాను. ఇంటి నిండా పంచాంగాలు ఉన్న కొంపలో పుట్టినదాన్ని. పెళ్లిళ్లకు నక్షత్రాలు కుదిరాయా లేదా అని దిగులుపడ్డాను కానీ, అవి నిజంగా పైన ఉంటాయని, తల ఎత్తితే కనిపిస్తాయని ఏనాడూ అనుకోలేదు. రోహిణి అంటే నాకు ఏడున్నరకు వచ్చే అమ్మాయే.

అప్పటికే వెంకటమ్మ రవికె కుట్టించుకుంది. పూల అంగడివాళ్లు మల్లెలకు కడపకు చెప్పి పంపారు. చెప్పేద్దామని రెండుసార్లు వెంకటమ్మ గడప దాకా పోయాను. నోరు రాక, చక్కెర ఉందా అని అడిగి తెచ్చుకున్నాను. ఇంట్లో ఇప్పుడు చక్కెర శానా ఉంది.

మాటలు అడిగావు. ప్రజ్ఞ మొదట అన్నది, మీరు ఇంతమంది వస్తారని అనుకోలేదు అని. తర్వాత చెయ్యెత్తి, “అదిగో, పిల్లల కోడి, ఆ చుక్కల గుంపు, కనపడతాందా? దాని పక్కన ఎర్రగా ఉందే, అదే రోహిణి” అంది. ఎర్రగా అనేసరికి అందరూ సెల్ టవర్ మీది ఎర్ర దీపం చూసి దండం పెట్టారు. నేనూ పెట్టాను ఖమ్రూ, చుక్క అని తెలిసినదాన్ని కూడా. వెంకటమ్మ అడిగింది, ఏంది పాపా, చుక్కను చూసేదానికా మేము పట్టుచీరలు కట్టింది, అని. కరస్పాండెంటు కేకలు మొదలుపెట్టాడు. ఆడవాళ్లను అబద్ధం చెప్పి పిలిపించావు, బడి పేరు పోయింది, రేపటి నుంచి ఇవన్నీ బంద్ అన్నాడు. ప్రజ్ఞ అన్న ఒక్క మాట, “నేను చుక్కనే అన్నాను సార్” అని.

అప్పుడు నేను అనాల్సింది ఒకటే. తప్పు నాది అని. వేళ్లు చూసుకుంటూ నిలబడ్డాను. పిట్టగోడ రొమ్ము ఎత్తు ఉంది, చాలా గట్టిది, అది కూడా చూశాను.

మర్నాడు పొద్దున్నే పోయి కరస్పాండెంటుతో చెప్పాను. ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, రేకులకు చెప్పేశామమ్మా అన్నాడు. టెలిస్కోపు ఆయన బీరువాలోకి పోయింది. ఇంటికి వచ్చి ప్రజ్ఞతో చెప్పాను. గురువారమే తెలిసిందని కూడా చెప్పాను. అది చుక్కలు గీసిన అట్ట తీసి మంచం కిందికి తోసింది.

“నువ్వు ఆడనే చెప్పింటే చాలు జేజీ” అంది.

అంతే. ఆ తర్వాత మాట లేదు. రాత్రి నా మాత్ర, నీళ్ల గ్లాసు మంచం పక్కన పెట్టి పోతుంది. తిడితే బాగుండేది. తిట్టు ఎంతసేపు ఉంటుందో నాకు తెలుసు, ఇది ఎంతసేపు ఉంటుందో తెలియదు. ఇన్నేళ్లూ రాని ఆపదలన్నిటికీ దిగులుపడ్డాను. ఈ ఆపద మాత్రం నేనే చేతులారా చేశాను, దీనికి దిగులుపడాలని ఒక్కసారి కూడా తోచలేదు.

సీరియల్ చూడడం లేదు. నీకు మాటలు రాయలేను.

కమల


పులివెందుల,
మంగళవారం.

కమలా,

నిన్ను తిట్టాలని కూర్చున్నాను. నీ ఉత్తరం చదివాక నువ్వే బాగా తిట్టుకున్నావు, నాకు మిగల్చలేదు.

వేనులో ఏం జరిగిందో విను. ముద్దనూరు దాకా ఆడవాళ్లంతా నిన్ను తిట్టారట. రిహానా తర్వాత చెప్పింది, నాకు వినబడకపోవడం నీ అదృష్టం. ముద్దనూరు దాటాక టీ కోసం ఆపారు. చుట్టూ చేలు, దీపాలు లేవు. రిహానా నా భుజం తట్టి పైకి చూపించింది. కోడి పిల్లల్ని వేసుకున్నట్టు ఆ గుంపు, పక్కన ఎర్రగా ఒకటి. ఒకరు చూస్తే ఇంకొకరు, టీలు చల్లారేదాకా అందరూ చూశారు. డ్రైవరు హారన్ కొట్టాడట, ఎవరూ కదలలేదట. మళ్లీ వేను ఎక్కాక నిన్ను తిట్టడం మొదలుపెట్టారు, అది వేరే.

కాబట్టి చుక్కను చూడడం ఇష్టం లేక కాదు వాళ్లు అరిచింది. అమ్మాయి వస్తుందని చెప్పి చుక్కను చూపించినందుకు. చుక్క అని చెప్పి చుక్కను చూపించు. ముందు వెంకటమ్మ దగ్గరికి పో. చక్కెర అడగొద్దు.

ప్రజ్ఞ మాట్లాడే దాకా ఎదురుచూస్తూ కూర్చుంటానంటే, నువ్వు ఎదురుచూడడం మొదలుపెడితే ఊరికే కూర్చోవు, కొత్త దిగుళ్లు కంటావు. లేచి పో.

ఖమ్రున్నీసా


జమ్మలమడుగు,
మాఘం, గురువారం.

ఖమ్రూ,

పోయాను. ఏడున్నరకు పోయాను, ఆ వేళకు తప్పకుండా ఇంట్లో ఉంటుందని. వెంకటమ్మ సీరియల్ చూస్తూ తల తిప్పలేదు. గడపలో నిలబడి, అది చుక్కేనని నాకు ముందే తెలుసు వెంకటమ్మా, నోరు రాలేదు, ప్రజ్ఞ ఏ పాపం ఎరగదు, అని ఒక్క ఊపులో చెప్పేశాను. టీవీలో అత్త అరుస్తోంది, వెంకటమ్మ కళ్లు తెర మీదే ఉన్నాయి. ఎవరికి వినబడిందో తెలియక అలాగే నిలబడ్డాను. ఇంతలో ‘విరామం’ అని పడి సబ్బుల ప్రకటనలు మొదలయ్యాయి. అప్పుడు లేచింది.

“సరే, యాడుందో చూపీ ఆ చుక్క. రవికె కుట్టించిన దానికైనా చూడాల” అంది.

వాకిట్లోకి తీసుకొచ్చి, తల ఎత్తి, ధైర్యంగా వేలు చూపించాను. వెంకటమ్మ నా వేలు పట్టుకుని చూసి, అక్కా, అది మళ్లా టవరే, అంది. నాకు ఏడుపు రాబోయింది, దానికి నవ్వొచ్చింది. వీధి గుమ్మంలో నుంచే ప్రజ్ఞా, ప్రజ్ఞా అని కేకేసింది. ప్రజ్ఞ వచ్చింది. నా కోసం కాదు, చుక్క కోసం. నా వైపు చూడకుండా వెంకటమ్మ గడ్డం పట్టుకుని తల తిప్పింది. పిల్లల కోడి వెంకటమ్మకు చిన్నప్పటి నుంచీ తెలుసు. దాని పక్కన ఉన్నదాన్ని ఇన్నాళ్లూ పట్టించుకోలేదంతే. ఇప్పుడు దీని నుంచి మన కంట్లో పడే వెలుగు, అక్కడ బయలుదేరేటప్పటికి మా జేజి చిన్నపిల్ల, బడికి పోతాండింది, అని ప్రజ్ఞ చెప్పింది. వెంకటమ్మ నన్ను కింద నుంచి పైకి చూసి, అయితే శానా పాతదే, అంది. సబ్బులు అయిపోయాయి, లోపలికి పోయింది.

మర్నాడు విరామానికి వెంకటమ్మ ఇంకో ఇద్దరిని తీసుకుని మా వాకిట్లో నిలబడింది. ఆ మర్నాడు వాకిలి చాలలేదు. ప్రజ్ఞకు కిటుకు తెలిసిపోయింది. ఒక విరామానికి ఒకే చుక్క. సబ్బులు, నూనెలు, టీ పొడి అయ్యేలోపల ముగించేస్తుంది. మాట మధ్యలో ఉన్నా ఆపేస్తుంది, సీరియల్ వాళ్లలాగే. మిగతాది రేపు అంటుంది. రాకుండా ఉంటారా?

ఇప్పుడు మా మిద్దె మీదికి మారారు. మా మిద్దెకు పిట్టగోడ మోకాలెత్తు కూడా లేదు. వరదరాజులు నా పోరు పడలేక చుట్టూ తాళ్లు కట్టాడు. నేను నులక మంచం పైకి చేర్పించి పడుకుని చూస్తున్నాను, పడుకున్నవాళ్లు కింద పడరని. టెలిస్కోపు ఇంకా బీరువాలోనే ఉంది. కరస్పాండెంటు వాళ్లమ్మ మొన్న వచ్చి చూసి, ఆ గొట్టం మావాడికి ఎందుకు, వాడు దానితో ఏం చూస్తాడు, అంటూ పోయింది. వస్తే వస్తుంది. ప్రజ్ఞ అన్నం తింటోంది.

నాతో మాత్రం మాట లేదు. అందరికీ చెప్పేది నేనూ వింటాను, అంతే. మొన్న మంగళవారం జనం దిగిపోయాక, నేను మంచం మీద నుంచి లేవలేక అవస్థ పడుతుంటే చెయ్యి ఇచ్చింది. చెయ్యి వదలకుండా అంది.

“జేజీ, శనివారం గురుణ్ని చూపిస్తా. నీ నోటితోనే వీధిలో చెప్పు.”

“నేనా?” అన్నాను.

“నువ్వే. నువ్వు చెప్తే కదా ఊరంతా వచ్చింది.”

ఎగతాళో, నమ్మకమో తేల్చుకోలేక తెల్లవార్లూ మేలుకున్నాను. తెల్లారి లేచి మొదటి గడపకే పోయాను. వెంకటమ్మ చాటలో బియ్యం చెరుగుతోంది. శనివారం మా మిద్దె మీద గురుణ్ని చూపిస్తాండాం, అన్నాను. అన్న మరుక్షణం మళ్లీ దిగులు పట్టుకుంది. గురుడంటే ఏ స్వామీజీనో అనుకుంటుంది, పళ్లూ పూలూ తెస్తుంది, పాదాలు కడగడానికి చెంబు తెస్తుంది, మళ్లీ నా పిల్ల నలుగురి ముందు నిలబడాలి. చాట పట్టుకుని ఆపాను. మనిషి కాదు వెంకటమ్మా, అన్నాను. గ్రహం. ఎవరూ రారు. ఫోటోలు తీసుకోవడానికి ఏమీ ఉండదు. పట్టుచీర కట్టుకోవద్దు. ఆకాశంలో ఉంటాడు, ఆడనే ఉంటాడు, కిందికి దిగడు. ఊపిరి తీసుకోకుండా చెప్పాను.

వెంకటమ్మ చాట నా చేతిలో నుంచి లాక్కుంది.

“తెలుసులే అక్కా. ఎన్ని గంటలకు?”

కమల